పెట్రోలు, విద్యుత్ గోల్ఫ్ కార్టులు

గోల్ఫ్ కార్టు అనునది గోల్ఫ్ మైదానంలో ఆటగాళ్ళను, వారి ఆట కర్రల సంచులను ఒక చోటి నుండి మరొక చోటికి చేరవేయుటకు రూపొందించిన తక్కువ వేగపు చిన్న వాహనం. ఇవి ప్రధానంగా రెండు రకాలు. పెట్రోలు ఇంజనుతో నడిచేవి మొదటి రకం, బ్యాటరీలలో నిల్వచేసిన విద్యుత్తుతో నడిచేవి రెండవ రకం. భారతదేశంలో ఈ వాహనాలు గోల్ఫ్ మైదానాలకన్నా జంతుప్రదర్శనశాలలు, రైల్వే స్టేషన్లు, పుణ్యక్షేత్రాలు, విశ్వవిద్యాలయ ప్రాంగణాలు, ఆసుపత్రులలో ఎక్కువగా కనిపిస్తాయి. ఈ రెండు రకాలలో దేనిని ఎంచుకోవాలన్నది బండి కొన్న ధరపై మాత్రమే ఆధారపడదు. రోజుకు ఎంత దూరం తిరుగుతుంది, ఎక్కడ తిరుగుతుంది, బ్యాటరీలు అరిగిపోయిన నాడు వాటిని ఎవరు మారుస్తారు అన్న అంశాలపై ఆధారపడి ఉంటుంది.

పేరు

తెలుగునాట ఈ వాహనాన్ని సాధారణంగా "బ్యాటరీ కారు" లేదా "బ్యాటరీ బండి" అని పిలుస్తారు. ఇక్కడ కనిపించేవన్నీ దాదాపుగా విద్యుత్ రకానికి చెందినవి కావడమే దీనికి కారణం. అమెరికాలో పెట్రోలును వాడుకలో "గ్యాస్" అంటారు. అందుచేత అక్కడి "గ్యాస్ గోల్ఫ్ కార్టు" అంటే పెట్రోలు బండి అని అర్థం. హైదరాబాదులో "గ్యాస్ ఆటో" అన్నప్పుడు ఎల్.పి.జి. లేదా సి.ఎన్.జి. వాయువుతో నడిచే ఆటోరిక్షా అని అర్థం. ఈ రెంటికీ సంబంధం లేదు. ఈ వ్యాసంలో పెట్రోలు బండి అనే మాటనే వాడడమైనది.

చరిత్ర

రెండవ ప్రపంచ యుద్ధకాలంలో అమెరికాలో పెట్రోలుకు రేషను విధించినప్పుడు చిన్న విద్యుత్ వాహనాలపై ఆసక్తి పెరిగినది. ఆ అనుభవంతో మెర్ల్ విలియమ్స్ అనే వ్యక్తికి చెందిన మార్కెటీర్ కంపెనీ 1951లో కాలిఫోర్నియా రాష్ట్రంలోని రెడ్‌లాండ్స్‌లో విద్యుత్ గోల్ఫ్ కార్టుల తయారీని ప్రారంభించినది. 1954లో ఇ-జెడ్-గో సంస్థ ఈ రంగంలోకి ప్రవేశించినది. మోటారు సైకిళ్ళకు పేరుపొందిన హార్లీ-డేవిడ్‌సన్ సంస్థ కూడా 1963 నుండి 1982 వరకు పెట్రోలు, విద్యుత్ రకాలు రెండింటిలోనూ గోల్ఫ్ కార్టులను తయారు చేసినది. అంటే ఈ రెండు రకాల మధ్య పోటీ దాదాపు ఈ వాహనమంత పాతది.

కాలక్రమేణా ఈ బండి మైదానం దాటి బయటకు వచ్చినది. అమెరికాలోని అట్లాంటా నగర సమీపాన గల పీచ్‌ట్రీ సిటీ అనే ఊరిలో గోల్ఫ్ కార్టులు తిరుగుటకు సుమారు 160 కిలోమీటర్ల ప్రత్యేక బాటలు గలవు. అక్కడి ప్రజలు బజారుకు, బడికి కూడా వీటిలో వెళతారు. భారతదేశంలో ఈ వాహనాల తయారీలో బెంగళూరుకు చెందిన మైనీ సంస్థల సముదాయం ముందుగా అడుగుపెట్టిన వాటిలో ఒకటి.

పెట్రోలు బండి నిర్మాణం

పెట్రోలు గోల్ఫ్ కార్టులో సాధారణంగా 300 నుండి 400 సి.సి. సామర్థ్యం గల నాలుగు స్ట్రోకుల ఇంజను ఉంటుంది. చాలా నమూనాలలో కాలితో యాక్సిలరేటరు నొక్కినప్పుడు ఇంజను తిరగడం మొదలవుతుంది, వదిలినప్పుడు ఆగిపోతుంది. ఇంజను నుండి చక్రాలకు శక్తి ఒక బెల్టు ద్వారా చేరుతుంది. ఆయిలు, ఫిల్టరు, స్పార్కు ప్లగ్గు, బెల్టు క్రమం తప్పక మార్చవలసి ఉంటుంది. పెట్రోలు నింపుటకు కొద్ది నిమిషాలు చాలును గనుక రోజంతా విరామం లేకుండా నడపవచ్చును. ఇదియే ఈ రకానికి గల ముఖ్యమైన సౌలభ్యం.

విద్యుత్ బండి నిర్మాణం

విద్యుత్ గోల్ఫ్ కార్టులో బ్యాటరీల వరుస, మోటారు, మోటారుకు చేరే విద్యుత్తును అదుపుచేసే కంట్రోలరు ముఖ్య భాగాలు. బ్యాటరీల మొత్తం వోల్టేజి సాధారణంగా 36 లేదా 48 వోల్టులు. ఇవి రెండు రకాలు.

సీసం-ఆమ్లం బ్యాటరీ: ఇది పాతకాలం నుండి వస్తున్న రకం. 48 వోల్టుల బండిలో 6 వోల్టుల బ్యాటరీలు ఎనిమిది అమర్చవచ్చును. ఒక్కొక్కటి సుమారు 28 కిలోల బరువు ఉంటుంది. అనగా బ్యాటరీల బరువే 220 కిలోలు దాటుతుంది. వీటిలో తరచుగా డిస్టిల్డ్ వాటరు పోయాలి. పూర్తిగా ఛార్జి అగుటకు 8 నుండి 10 గంటలు పడుతుంది.

లిథియం బ్యాటరీ: గోల్ఫ్ కార్టులలో ఎక్కువగా లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రకాన్ని వాడుతున్నారు. బరువు చాలా తక్కువ. నీరు పోయనవసరం లేదు. ఛార్జింగు త్వరగా ముగుస్తుంది. సీసం బ్యాటరీకన్నా ఎన్నో రెట్లు ఎక్కువసార్లు ఛార్జి చేయవచ్చును. అయితే కొనునప్పుడు ధర ఎక్కువ.

బ్యాటరీలో ఎంత విద్యుత్తు నిల్వ ఉంటుందో విద్యార్థులు సులభంగా లెక్కించవచ్చును. వోల్టులను ఆంపియర్-గంటలతో గుణించిన వాట్-గంటలు వస్తాయి. 48 వోల్టులు, 225 ఆంపియర్-గంటల బ్యాటరీలో 48 × 225 = 10,800 వాట్-గంటలు, అనగా 10.8 యూనిట్లు ఉంటాయి. అయితే సీసం బ్యాటరీని పూర్తిగా ఖాళీ అయ్యేవరకు వాడరాదు. అలా వాడిన అది త్వరగా పాడవుతుంది. కనీసం ఐదవ వంతు మిగిల్చి మరల ఛార్జి చేయాలి.

ఖర్చుల పోలిక

ఈ క్రింది లెక్క ఒక ఉదాహరణ. ధరలు మారిన కొద్దీ పాఠకులు తమ అంకెలను ఉంచి లెక్క చూచుకొనవచ్చును. పెట్రోలు లీటరు 100 రూపాయలు, విద్యుత్తు యూనిట్ 10 రూపాయలు అనుకొందాము. (హైదరాబాదులో పెట్రోలు ధర 2021 జూన్‌లో లీటరుకు 100 రూపాయలు దాటినది.) పెట్రోలు బండి లీటరుకు 12 కిలోమీటర్లు నడుస్తుందని, విద్యుత్ బండి ఛార్జింగు నష్టాలతో కలిపి కిలోమీటరుకు 0.15 యూనిట్ తీసుకుంటుందని అనుకొందాము.

* పెట్రోలు బండికి కిలోమీటరు ఖర్చు: 100 ÷ 12 = సుమారు 8.33 రూపాయలు
* విద్యుత్ బండికి కిలోమీటరు ఖర్చు: 0.15 × 10 = 1.50 రూపాయలు
* కిలోమీటరుకు మిగులు: సుమారు 6.83 రూపాయలు

రోజుకు 30 కిలోమీటర్ల చొప్పున ఏడాదికి 300 రోజులు తిరిగినచో ఈ మిగులు సుమారు 61,500 రూపాయలు అవుతుంది. ఇంతవరకు చూచిన విద్యుత్ బండిదే పైచేయి అనిపిస్తుంది. కాని బ్యాటరీల అరుగుదలను ఇందులో కలపలేదు. ఒక వరుస బ్యాటరీల ధర 90,000 రూపాయలు, అవి మూడేళ్ళు పనిచేస్తాయి అనుకొంటే, ఏడాదికి 30,000 రూపాయలు పక్కన పెట్టాలి. అప్పుడు మిగులు 31,500 రూపాయలు.

అదే బండి రోజుకు 5 కిలోమీటర్లు మాత్రమే తిరిగితే ఏడాది మిగులు సుమారు 10,250 రూపాయలే. ఇది బ్యాటరీల అరుగుదలకు కూడా చాలదు. ఈ అంకెల ప్రకారం రోజుకు సుమారు 15 కిలోమీటర్లు తిరిగినప్పుడు రెండు ఖర్చులు సమానమవుతాయి. దీనిని బట్టి ఒక ముఖ్యమైన విషయం తెలుస్తుంది. విద్యుత్ బండి ఎంత ఎక్కువ తిరిగితే అంత లాభం. మూలన నిలిపి ఉంచిన విద్యుత్ బండి నష్టమే తెస్తుంది. ఏలనగా సీసం బ్యాటరీ వాడకపోయినను తనంతట తాను ఖాళీ అవుతూ, ఆ స్థితిలో చాలాకాలం ఉంటే చెడిపోతుంది. పెట్రోలు బండికి ఇంజను ఆయిలు, మరమ్మతుల ఖర్చు అదనంగా ఉంటుంది గనుక, దానిని కూడా కలిపినచో సమాన దూరం 15 కిలోమీటర్లకన్నా కొంత తగ్గుతుంది.

పొగ, శబ్దం

ఒక లీటరు పెట్రోలు మండినప్పుడు సుమారు 2.3 కిలోల కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంది. పై ఉదాహరణలో 30 కిలోమీటర్లకు 2.5 లీటర్లు, అనగా సుమారు 5.75 కిలోలు. విద్యుత్ బండి నుండి పొగ రాదు. కాని భారతదేశంలో విద్యుత్తులో పెద్ద భాగం బొగ్గు నుండి వస్తున్నందున, సగటున ఒక్కొక్క యూనిట్‌కు సుమారు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ విద్యుత్ కేంద్రం వద్ద వెలువడుతుంది. 4.5 యూనిట్లకు ఇది 3.15 కిలోలు. కావున విద్యుత్ బండి కాలుష్యం బొత్తిగా లేనిది అనడం సరికాదు. కాలుష్యం తగ్గుతుంది, మిగిలినది మనుషుల ముక్కుకు దూరంగా వెలువడుతుంది అనడం సరైన మాట.

ఆ దూరమే కొన్ని చోట్ల ప్రాణప్రదం. పెట్రోలు ఇంజను పొగలో కార్బన్ మోనాక్సైడ్ అనే రంగు, వాసన లేని విషవాయువు ఉంటుంది. గాలి ఆడని వరండాలు, కప్పు ఉన్న ప్లాట్‌ఫారాలు, ఆసుపత్రి నడవలలో పెట్రోలు బండిని నడపడం ప్రమాదకరం. శబ్ద కాలుష్య నియమాలు, 2000 ప్రకారం ఆసుపత్రులు, విద్యాసంస్థలు, న్యాయస్థానాల చుట్టూ 100 మీటర్ల ప్రాంతాన్ని నిశ్శబ్ద మండలంగా గుర్తించవచ్చును. అటువంటి మండలంలో పగలు 50, రాత్రి 40 డెసిబెల్స్ పరిమితి.

చారిత్రక కట్టడాల విషయంలో తాజ్ మహల్ మంచి ఉదాహరణ. తాజ్ పరిసరాల కాలుష్యంపై సుప్రీం కోర్టు 1996 డిసెంబరు 30న ముఖ్యమైన తీర్పు ఇచ్చినది. తాజ్ చుట్టూ 500 మీటర్ల పరిధిలో ఇంధనపు వాహనాలపై ఆంక్షలు గలవు. వాహనాలు నిలుపు స్థలం నుండి ద్వారం వరకు సందర్శకులను బ్యాటరీ బండ్లు చేరవేస్తాయి.

ఎత్తు, ఎండ

ఎత్తు ప్రదేశాలకు విద్యుత్ బండి పనికిరాదన్నది పాత అభిప్రాయం. సీసం బ్యాటరీల బరువు, ఎత్తు ఎక్కునప్పుడు వోల్టేజి తగ్గడం దీనికి కారణాలు. లిథియం బ్యాటరీలతో ఈ లోపం చాలావరకు తొలగినది. 2022 సెప్టెంబరులో తిరుపతి-తిరుమల ఘాట్ రోడ్డులో విద్యుత్ బస్సులు ప్రారంభమైనవి. దిగునప్పుడు మోటారు జనరేటరుగా పనిచేసి కొంత విద్యుత్తును బ్యాటరీకి తిరిగి అందించడం విద్యుత్ వాహనాలకు గల ప్రత్యేక సదుపాయం.

ఎండ మాత్రం బ్యాటరీకి శత్రువు. సీసం బ్యాటరీకి 25 డిగ్రీల సెల్సియస్ అనుకూలం. అంతకన్నా సుమారు 10 డిగ్రీలు పెరిగి అలాగే కొనసాగితే దాని ఆయుర్దాయం ఇంచుమించు సగానికి తగ్గుతుంది. వేసవిలో 40 డిగ్రీలు దాటే హైదరాబాదు వంటి నగరాలలో బండిని నీడలో నిలపడం, చల్లని వేళ ఛార్జి చేయడం అవసరం.

భద్రత

సీసం బ్యాటరీని ఛార్జి చేయునప్పుడు హైడ్రోజన్ వాయువు వెలువడుతుంది. గాలిలో ఇది 4 శాతానికి చేరితే నిప్పురవ్వ తగిలినంతనే పేలగలదు. అందుచేత ఛార్జింగు గదికి పైభాగాన గాలి పోవు మార్గాలు ఉండాలి. పొగ త్రాగరాదు. బ్యాటరీలోని ఆమ్లం చర్మాన్ని, కళ్ళను కాల్చివేస్తుంది. పెట్రోలు బండికి ఇంధనం నిల్వచేయు చోట అగ్ని ప్రమాదం పొంచి ఉంటుంది.

అంతకన్నా పెద్ద ప్రమాదం పాత బ్యాటరీల వలన కలుగుతుంది. సీసం నాడీమండలానికి హాని చేసే విషలోహం. పసిపిల్లల మెదడు ఎదుగుదలను ఇది కుంటుపరుస్తుంది. పాత బ్యాటరీలను ఇరుకు వీధులలో పగులగొట్టి, సీసాన్ని బహిరంగంగా కరిగించినప్పుడు ఆ ధూళి ఇళ్ళలోకి, మట్టిలోకి చేరుతుంది. దీనిని అరికట్టుటకు 2001లో బ్యాటరీల నియమాలు వచ్చినవి. వాటి స్థానంలో 2022 ఆగస్టులో బ్యాటరీ వ్యర్థాల నిర్వహణ నియమాలు వెలువడినవి. వీటి ప్రకారం వాడిన బ్యాటరీలను సేకరించి శుద్ధిచేయించు బాధ్యత తయారీదారులపై ఉన్నది. కొనుగోలుదారు పాత బ్యాటరీని తూకానికి అమ్మివేయక, అధీకృత విక్రేతకు లేదా అనుమతి పొందిన శుద్ధి కేంద్రానికి మాత్రమే ఇవ్వాలి. ఈ పని జరగనిచో విద్యుత్ బండి ఒక వీధిని శుభ్రపరచి మరొక వీధిని విషమయం చేసినట్లు అవుతుంది.

చట్టం

మోటారు వాహనాల చట్టం, 1988 ప్రకారం కర్మాగారం లేదా ప్రహరీ గల ప్రాంగణంలో మాత్రమే వాడుటకు తయారైన ప్రత్యేక వాహనం "మోటారు వాహనం" నిర్వచనంలోకి రాదు. గోల్ఫ్ కార్టులు సాధారణంగా ఇలా ప్రాంగణాలకే పరిమితం. ఏ రకమైనను వీటిని బజారు రోడ్డుపై నడపడానికి వీలులేదు.

2015లో ఈ చట్టానికి చేసిన సవరణ ఇ-రిక్షాకు చోటు కల్పించినది. ఆ నిర్వచనం ప్రకారం ఇ-రిక్షా మూడు చక్రాలు కలిగి, 4000 వాట్లకు మించని శక్తి గల బ్యాటరీ వాహనం. నాలుగు చక్రాల గోల్ఫ్ కార్టు ఈ నిర్వచనంలో ఇమడదు. చూచుటకు రెండూ ఒకే తీరుగా అనిపించినను చట్టం దృష్టిలో వేరువేరు. తెలంగాణ ప్రభుత్వం 2024 నవంబరులో విద్యుత్ వాహనాలకు 2026 డిసెంబరు 31 వరకు రోడ్డు పన్ను, రిజిస్ట్రేషను రుసుము మినహాయిస్తూ ఉత్తర్వులు ఇచ్చినది. రిజిస్ట్రేషను లేని ప్రాంగణపు బండ్లకు ఈ మినహాయింపుతో పనిలేదు.

హైదరాబాదులో వాడుక

1963 అక్టోబరు 6న ప్రారంభమైన నెహ్రూ జంతుప్రదర్శనశాల మీర్ ఆలం చెరువును ఆనుకొని సుమారు 380 ఎకరాలలో విస్తరించి ఉన్నది. అంత దూరం నడవలేని వృద్ధులు, పిల్లల కొరకు అక్కడ బ్యాటరీ బండ్లను నడుపుతున్నారు. ఇంజను శబ్దానికి, పొగకు జంతువులు బెదరకుండుట ఇందులో మరొక ప్రయోజనం. రోజూ ఒకే దారి, నిర్ణీత వేళలు, రాత్రి ఛార్జింగుకు తీరిక కలిగిన ఇటువంటి చోట విద్యుత్ రకం అన్ని విధాలా తగినది. సికింద్రాబాదు వంటి పెద్ద రైల్వే స్టేషన్లలోనూ వృద్ధులు, దివ్యాంగులు, గర్భిణులను చేరవేయుటకు బ్యాటరీ కార్లను వాడుతూ వచ్చారు.

అఫ్జల్‌గంజ్ పరిసరాలు: ఒక పరిశీలన

పైన చెప్పిన అంశాలన్నీ ఒకేచోట ఎదురయ్యే ప్రాంతం అఫ్జల్‌గంజ్. ఐదవ నిజాం అఫ్జల్-ఉద్-దౌలా (పాలన 1857-1869) పేరిట వెలసిన ఈ బజారు మూసీ నది ఉత్తరపు ఒడ్డున, పాతబస్తీకి దారితీసే నయాపూల్ వద్ద గలదు. ఇక్కడే ఉస్మానియా ఆసుపత్రి ఉన్నది. 1891లో అసఫియా గ్రంథాలయంగా మొదలైన రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం కూడా 1936 నుండి ఇక్కడి భవనంలోనే ఉన్నది. నదికి ఆవలి ఒడ్డున హైకోర్టు ఉన్నది. సమీపంలోనే మహాత్మా గాంధీ బస్ స్టేషను, 2018 సెప్టెంబరు నుండి అదే పేరు గల మెట్రో స్టేషను కలవు. బేగంబజారు సరుకుల రాకపోకలతో రోడ్లు రోజంతా కిక్కిరిసి ఉంటాయి.

జిల్లాల నుండి బస్సులో వచ్చి ఆసుపత్రికి చేరవలసిన రోగికి చివరి కిలోమీటరే కష్టమైనది. ఇక్కడ బజారు రోడ్డుపై గోల్ఫ్ కార్టు నడపడానికి చట్టం అనుమతించదు. రోడ్డు మీది పని ఆటోరిక్షాలు, ఇ-రిక్షాలదే. కాని ఆసుపత్రి, బస్ స్టేషను వంటి ప్రాంగణాల లోపల బ్యాటరీ బండి ఎంతో ఉపయోగపడగలదు. ఉస్మానియా ఆసుపత్రి పాత భవనం నుండి 2020 జులైలో వర్షపు నీరు చేరిన పిదప రోగులను ఇతర భవనాలకు తరలించారు. 2025 జనవరి 31న గోషామహల్‌లో కొత్త ఆసుపత్రికి శంకుస్థాపన జరిగినది. అనేక విభాగాలు గల విశాలమైన ఆసుపత్రి ప్రాంగణాలలో రోగిని ఒక చోటి నుండి మరొక చోటికి తీసుకొనిపోవుటకు పొగ, శబ్దం లేని బండి తప్ప మరొకటి తగదు.

ఈ ప్రాంతంలో ఛార్జింగు స్థలం విషయమై మూసీని మరువరాదు. 1908 సెప్టెంబరు 28 నాటి వరదలో ఇక్కడి పాత అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి దెబ్బతిన్నది. 2025 సెప్టెంబరులో మూసీ వరద నీరు మహాత్మా గాంధీ బస్ స్టేషనులోకి ప్రవేశించినది. కావున నది ఒడ్డున బ్యాటరీలను, ఛార్జరులను నేలమాళిగలో కాక మెరక స్థలంలో ఏర్పాటు చేయాలి.

ఎంపికకు సూచనలు

* బండి కప్పు ఉన్న చోట, ఆసుపత్రిలో, చారిత్రక కట్టడం వద్ద, జంతువుల నడుమ తిరిగేటట్లయితే ఖర్చుతో నిమిత్తం లేకుండా విద్యుత్ రకమే తగినది.
* రోజూ ఎక్కువ దూరం తిరుగుతూ, రాత్రి నిలిచి ఉండే బండికి విద్యుత్ రకం లాభదాయకం.
* విద్యుత్ సరఫరా లేని మారుమూల తోటలు, విశాలమైన పొలాలు, అప్పుడప్పుడు మాత్రమే వాడుక గల చోట్ల పెట్రోలు రకం నమ్మదగినది.
* రాత్రింబవళ్ళు నడపవలసిన చోట లిథియం బ్యాటరీ గాని, మార్పిడికి రెండవ వరుస బ్యాటరీలు గాని అవసరం.
* విద్యుత్ బండి కొన్న మొదటి నెల నుండే బ్యాటరీల మార్పిడికి కొంత సొమ్ము విడిగా నిలువ చేయాలి.

వీటిలో చివరి సూచనను తరచుగా మరచిపోతారు. సంస్థలకు దాతలు బండిని ఇవ్వగలరు. మూడు నాలుగేళ్ళకు రాబోవు బ్యాటరీల ఖర్చు మాత్రం ఎవరి లెక్కలోనూ ఉండదు. అప్పుడు మోటారు, చక్రాలు బాగున్నప్పటికీ బండి షెడ్డుకు చేరుతుంది, వృద్ధులు, రోగులు మరల నడక దారి పడతారు. బండిని అద్దెకు నడుపుకొను డ్రైవరు అయితే ఆ నెల జీవనోపాధినే కోల్పోతాడు. పెట్రోలు బండి ప్రతిరోజూ కొంచెం కొంచెంగా అడిగే సొమ్మును విద్యుత్ బండి కొన్నేళ్ళకొకసారి ఒక్కసారిగా అడుగుతుంది. మొత్తం తక్కువే అయినను ఆ రోజుకు సిద్ధంగా ఉన్నవారికే ఆ తక్కువ దక్కుతుంది.

ఇవి కూడా చూడండి

* అఫ్జల్‌గంజ్
* ఉస్మానియా ఆసుపత్రి
* నెహ్రూ జంతుప్రదర్శనశాల
* ఆటోరిక్షా
* సీసం
* విద్యుత్ వాహనం